సఫారీయా, హైక్రాసా? షోరూమ్‌లో వెనక తలుపు దగ్గర మొదలుపెట్టండి

మా బావగారు ఏడు సీట్ల బండి కొన్నప్పుడు షోరూమ్‌కి ఒక్కరే వెళ్లారు. డ్రైవర్ సీట్లో కూర్చున్నారు, స్టీరింగ్ పట్టుకున్నారు, సన్‌రూఫ్ తెరిపించి ఆకాశం చూశారు, అడ్వాన్స్ కట్టి వచ్చేశారు. మొదటి ప్రయాణం శ్రీశైలం. మూడో వరుసలో మా అక్క అత్తగారిని కూర్చోబెట్టారు. మన్ననూరు దగ్గర టీకి ఆగితే ఆవిడ దిగి, మోకాళ్లు పట్టుకుని, "నేను బస్సులో వస్తా, మీరు పోండి నాయనా" అన్నారు. ఆ రోజు మడిచిన మూడో వరుస ఇప్పటికీ తెరుచుకోలేదు. దాని మీద క్రికెట్ కిట్టు, ఖాళీ నీళ్ల క్యాన్లు ఉంటాయి. రెండు సీట్లకు డబ్బు కట్టి గోడౌన్ కొనుక్కున్నట్టయింది.

ఇప్పుడు హైదరాబాద్‌లోని మా అపార్ట్‌మెంట్‌లో ఏడు సీట్ల బండి మాట ఎత్తినవాళ్లలో చాలామంది రెండు పేర్ల దగ్గర ఆగిపోతున్నారు: టాటా సఫారీ డీజిల్, టయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారూ ఉన్నది). ఒకటి ఎస్‌యూవీ, ఇంకోటి ఎమ్‌పీవీ అని పట్టుబట్టేవాళ్లు ఉంటారు. పట్టుబట్టనివ్వండి. ఇంట్లో నాయనమ్మను ఎక్కించాల్సినవాళ్లకు రెండూ మూడు వరుసల బండ్లే. ఈ రెండింటి మధ్య ఎలా తేల్చుకోవాలో నేను చూసినంతలో చెబుతాను. వరుస మాత్రం మార్చకండి: ముందు మనుషులు, తర్వాత పార్కింగ్, తర్వాత రోడ్డు, ఆ తర్వాత డబ్బు. డబ్బుతో మొదలుపెడితే షోరూమ్ కుర్రాడు "ఇంకో 40 వేలు వేసుకుంటే పై వేరియంట్ వస్తది సార్" అంటూ మిమ్మల్ని మెట్లెక్కిస్తూనే ఉంటాడు, మీరు ఎక్కుతూనే ఉంటారు.

ఇంట్లో కూర్చుని రాసుకోవాల్సింది

ఒక కాగితం తీసుకుని గత ఆరు నెలల్లో ఐదుగురికి మించి వెళ్లిన ప్రయాణాలన్నీ రాయండి. సంక్రాంతికి ఊరు, యాదగిరిగుట్ట, బంధువుల పెళ్లి, అమెరికా నుంచి వచ్చినవాళ్లను శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి తీసుకురావడం, ఇలాంటివి. ఒక్కోదాని పక్కన ఎంతమంది వెళ్లారో, మూడో వరుస ఉంటే అందులో ఎవరు కూర్చునేవారో, సామాను ఎంతో రాయండి.

ఆరు నెలలకు మూడు ప్రయాణాలే తేలితే ఒక్క క్షణం ఆగండి. మీకు కావలసింది మంచి ఐదు సీట్ల బండి, ఆ మూడు రోజులకు డ్రైవర్‌తో సహా ఒక అద్దె ఇన్నోవా. ఏడు సీట్ల బండి అమ్మేవాడు ఈ మాట చెప్పడు కనుక నేను చెబుతున్నా. మిగిలిన రోజులన్నీ ఆ పొడుగునూ బరువునూ ట్రాఫిక్‌లో మోసుకు తిరగనక్కర్లేదు.

నెలకు రెండుసార్లయినా ఆరుగురు ఏడుగురు ఎక్కుతున్నారంటే ముందుకు సాగుదాం. కాగితం మీద మూడో వరుస పేర్లు చూడండి. అన్నీ పదేళ్ల లోపు పిల్లల పేర్లే అయితే సఫారీకి ఒక గీత పెట్టండి. బాబాయి, అత్తయ్య, పెరిగిన కొడుకు లాంటి పేర్లుంటే హైక్రాస్‌కి పెట్టండి. ఇంకా ఏమీ తేలలేదు, గీతలే పెడుతున్నాం.

శంషాబాద్ ప్రయాణం గురించి ఒక మాట. అమెరికా నుంచి వచ్చే ఇద్దరంటే మామూలుగా 23 కిలోల పెట్టెలు నాలుగు, చేతి సంచులు రెండు. మూడో వరుస తెరిచి ఉంచి ఆ నాలుగు పెట్టెలూ వెనక పెట్టడం ఈ రెండు బండ్లలో దేంట్లోనూ కాదు. హైక్రాస్‌లో కొంత నయం, సఫారీలో మూడో వరుస వెనక మిగిలేది సన్నటి సందు. మనుషులైనా, పెట్టెలైనా. రెండూ కావాలంటే పైన క్యారియర్ వేయించాలి, లేదా ఇంకో బండి పిలవాలి. స్వాగతం చెప్పేవాళ్లను తగ్గించుకోవడం ఇంకో మార్గం, మన ఇళ్లలో అది అయ్యే పని కాదు.

టేపు పట్టుకుని సెల్లార్‌లోకి

సఫారీ పొడవు 4,668 మిల్లీమీటర్లు, వెడల్పు 1,922. హైక్రాస్ పొడవు 4,755, వెడల్పు 1,850 దరిదాపు. అంటే ఒకటి మీ స్లాటులో అడ్డంగా ఇబ్బంది పెడుతుంది, ఇంకోటి నిలువుగా. ఈ వెడల్పుల్లో అద్దాలు లేవని గుర్తుంచుకోండి.

మీ స్లాటులో పిల్లర్ నుంచి పిల్లర్‌కు, లేదా పక్కవాళ్ల గీతకు కొలవండి. బండి వెడల్పు తీసేయగా మిగిలింది రెండు వైపులా పంచండి. డ్రైవర్ వైపు రెండు జానలైనా మిగలకపోతే రోజూ పొట్ట లోపలికి పీల్చుకుని దిగాలి. పక్క స్లాటులో పెద్ద బండి పెట్టేవాళ్లుంటే ఇంకా కష్టం. పాత అమీర్‌పేట, హిమాయత్‌నగర్ అపార్ట్‌మెంట్లలో స్లాట్లు చిన్న కార్ల కాలంనాటివి, అక్కడ సఫారీ పెట్టి వెనక తలుపు తెరవడమే ఒక విద్య. ఆ తర్వాత ర్యాంపు మలుపు చూడండి. ఒక్క తిప్పులో తిరగని మలుపు దగ్గర హైక్రాస్ పొడవు తెలిసొస్తుంది.

హైడ్రాలిక్ పార్కింగ్ ఉన్న బిల్డింగ్ అయితే వాచ్‌మన్‌ని కాకుండా అసోసియేషన్ వాళ్లను అడగండి: ఎంత బరువు, ఎంత ఎత్తు దాకా పెట్టొచ్చని. మెషీన్ మీద ప్లేటు ఉంటుంది, ఫొటో తీసుకోండి.

షోరూమ్‌లో ముందు మూడో వరుస

ఆదివారం వెళ్లకండి. మంగళవారమో బుధవారమో పొద్దున, జనం లేనప్పుడు, ఇంట్లో అందరినీ తీసుకుని వెళ్లండి. అందరినీ అంటే నిజంగా అందరినీ. చీర కట్టుకునే నాయనమ్మను చీరలోనే తీసుకెళ్లండి. పిల్లల సీటు వాడుతుంటే అది డిక్కీలో వేసుకెళ్లండి. ఊరి నుంచి బియ్యం తెచ్చుకునే ఇల్లయితే ఇంట్లోని పెద్ద సూట్‌కేసు ఒకటి కూడా.

ముందు తలుపు వైపు చూడొద్దు. సేల్స్ కుర్రాడు డ్రైవర్ తలుపు తెరిచి పట్టుకుంటాడు, నవ్వి వెనక్కి నడవండి.

ముందు సీట్లో ఇంట్లో పొడుగైన మనిషి తనకు కావలసినంత వెనక్కి జరుపుకుని కూర్చోవాలి. రెండో వరుసలోవాళ్లు కూడా అంతే. ఆ మిగిలిన చోట్లోకి ఇప్పుడు మూడో వరుసవాళ్లను ఎక్కించండి. వాళ్లు షోరూమ్‌లో రెండో వరుసను ముందుకు జరిపి ఉంచుతారు, అందుకే వెనక రాజభవనంలా కనిపిస్తుంది. జరిపాక చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు గడియారం చూడండి. రెండో వరుసలో విడివిడి కెప్టెన్ సీట్లుంటే మధ్యలోంచి నడవొచ్చు, పిల్లలు ఇట్టే దూరిపోతారు. పెద్దవాళ్లకు వంగి నడవడం కష్టం, వాళ్లు పక్క తలుపులోంచే ఎక్కాలి, దానికి రెండో వరుస సీటు ముందుకు వంగాలి. పిల్లల సీటు బిగించి ఉన్న సీటు అలా వంగదు. అది ఏ వైపు బిగిస్తారో, ఎటు వైపు దారి మిగులుతుందో అక్కడే పెట్టి చూడండి. హైక్రాస్‌లో కాళ్లు చాపుకునే ఆటోమన్ సీట్లున్న పై వేరియంట్లు ఉన్నాయి. ఆ సీట్లు సోఫాల్లా ఉంటాయి, కానీ వాటిని జరిపి వెనక్కి ఎక్కడం ఎంత తేలికో మీ చేత్తో చేసి చూశాకే మెచ్చుకోండి.

కూర్చున్నాక మూడు సంగతులు అడగండి. తొడల కింద సీటు ఆనుతోందా, లేక మోకాళ్లు పైకి లేచి నడ్డి మీదే బరువంతా పడుతోందా? తల పైన నాలుగు వేళ్లు పడుతున్నాయా? పాదాలు ముందు సీటు కిందికి వెళ్తున్నాయా? మొదటి ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యం. మా అక్క అత్తగారిని బస్సెక్కించాలనుకునేలా చేసింది తొడల కింద ఆనకపోవడమే. అలా కూర్చోబెట్టి పదిహేను నిమిషాలు కబుర్లు చెప్పండి. రెండు నిమిషాల్లో అందరూ "బాగుంది" అనే అంటారు. పదో నిమిషానికి కదలడం మొదలవుతుంది.

నాకు కనిపించింది చెబుతా. హైక్రాస్ చక్రాల మధ్య దూరం 2,850 మిల్లీమీటర్లు, సఫారీది 2,741. ఆ పదకొండు సెంటీమీటర్ల తేడా దాదాపు అంతా వెనక వరుసల్లోనే కనిపిస్తుంది. హైక్రాస్ మూడో వరుసలో ఐదున్నర అడుగుల మనిషి విజయవాడ దాకా గొణక్కుండా కూర్చోగలడు, వీపు కాస్త వెనక్కి వాల్చుకోవచ్చు కూడా. సఫారీ మూడో వరుస చెడ్డదేం కాదు. ఏసీ గాలి తగులుతుంది, ఫోన్ ఛార్జింగ్ ఉంది, పిల్లలకు తమ గది తమకు దొరికినట్టే. పెద్దవాళ్లకు మాత్రం యాదగిరిగుట్ట దాకా సరే, తిరుపతి దాకా కాదు. అదే సఫారీ రెండో వరుస వెడల్పు చూడండి. ముగ్గురు పెద్దవాళ్లు భుజాలు రాసుకోకుండా కూర్చునే చోటు అది. మీ ఇంట్లో పెద్దలు ముగ్గురు, పిల్లలు ఇద్దరు అయితే ఇదే లెక్క తిరగబడుతుంది.

చివరగా మూడో వరుస తెరిచి పెట్టి మీ సూట్‌కేసును డిక్కీలో పెట్టి తలుపు మూయండి. మూతపడితే మంచిది. అప్పుడు ముందుకొచ్చి స్టీరింగ్ పట్టుకోండి, సన్‌రూఫ్ తెరుచుకోండి, ఇప్పుడు తప్పులేదు.

టెస్ట్ డ్రైవ్ మీ దారిలో, మీ మనుషులతో

షోరూమ్ వాళ్లకు ఒక దారి ఉంటుంది: నున్నటి రోడ్డు, రెండు యూటర్న్‌లు, పది నిమిషాలు. మీరు వేరే దారి అడగండి. బండి ఇంటికి తెప్పించుకోవడం అన్నిటికంటే మంచిది, చాలామంది పంపిస్తారు. మీ సెల్లార్‌లోంచి బయల్దేరి మీ సెల్లార్‌లోకే రావాలి.

మెహదీపట్నం వైపువాళ్లయితే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్ దాకా వెళ్లి, వచ్చేటప్పుడు కింద రోడ్డు మీదుగా రండి. పైన పదకొండు కిలోమీటర్లలో బండి పరుగు తెలుస్తుంది, కింద ఆటోలు, బస్సులు, గుంతల మధ్య దాని ఓపిక తెలుస్తుంది. జూబ్లీహిల్స్ దగ్గరివాళ్లు ఎత్తు మీద సిగ్నల్‌లో ఆగి కదిలించి చూడండి. గచ్చిబౌలి వైపు ఉంటే సాయంత్రం ఆరున్నరకు అడగండి. ఖాళీ రోడ్డు మీద అన్ని బండ్లూ బాగానే ఉంటాయి.

ఒక్కసారైనా ఏడుగురితో నడపండి. ఒక్కడే నడిపిన బండీ, ఏడుగురు ఎక్కిన బండీ ఒకటి కావు. బ్రేకు పడే దూరం, స్పీడ్ బ్రేకర్ మీద వెనకవాళ్ల తల పైకి ఎగరడం, కింద రాసుకున్న చప్పుడు, అన్నీ అప్పుడే బయటపడతాయి. మీరు నడపడం అయ్యాక తాళం తమ్ముడికిచ్చి మీరు మూడో వరుసలో కూర్చోండి. కొనేవాళ్లు చెయ్యని పని ఇదే.

రెండింటి నడక వేరు. సఫారీలో 2.0 లీటర్ల డీజిల్ ఇంజన్, 170 పీఎస్, 350 ఎన్‌ఎమ్ టార్క్. ఏడుగురున్నా ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అడుగున బలం తెలుస్తుంది. కూర్చునే ఎత్తు, బండి బరువు హైవే మీద ధైర్యాన్నిస్తాయి. విజయవాడ రోడ్డు మీద రాత్రి లారీల మధ్య ఆ నిబ్బరం నాకు నచ్చుతుంది. ట్రాఫిక్‌లో ఆ బరువే చేతులకు, కాళ్లకు పని పెడుతుంది. మాన్యువల్ గేరు అయితే పంజాగుట్ట సాయంత్రాలు ఎడమ కాలికి శిక్షే.

హైక్రాస్ హైబ్రిడ్ స్టార్ట్ చేస్తే చప్పుడుండదు. మెల్లగా కదిలినంతసేపూ చాలావరకు మోటారే లాగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది, ప్లగ్గు పెట్టే పనిలేదు. మొత్తం 186 పీఎస్. కానీ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కే ర్యాంపు మీద ఏడుగురితో గట్టిగా తొక్కి చూడండి. ఇంజన్ ఒక్కసారి గొంతు పెంచి, బండి వేగం అందుకునేదాకా అదే స్వరంలో మోగుతుంది. కొందరికి అది చిరాకు, కొందరికి రెండో రోజుకే అలవాటు. ఓఆర్ఆర్ మీద కుడివైపు లేన్లలో 120 దాకా పోనిస్తారు కనుక ఆ వేగంలో గాలి చప్పుడు, టైర్ల చప్పుడు రెండో వరుసలోవాళ్లను అడిగి తెలుసుకోండి.

ఘాట్ రోడ్డు టెస్ట్ డ్రైవ్‌లో దొరకదు. బదులుగా ఏదైనా క్లోవర్‌లీఫ్ మలుపు (ఫ్లైఓవర్ల దగ్గర గుండ్రంగా తిరిగే ర్యాంపు) మూడుసార్లు తిరగండి. మూడో వరుసలో పిల్లలు "నాన్నా, వాంతి" అన్నారంటే శ్రీశైలం డ్యామ్ మలుపుల్లో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పెట్రోలు, డీజిల్ లెక్క

ఇక్కడ చాలామంది పొరపడతారు, ఎందుకంటే కంపెనీ అంకెలు కళ్లు చెదరగొడతాయి. హైక్రాస్ హైబ్రిడ్‌కి ఏఆర్ఏఐ (బండ్లను పరీక్షించే సంస్థ) లెక్క లీటరుకు 23.24 కిలోమీటర్లు. సఫారీ డీజిల్‌కి మాన్యువల్ 16.30, ఆటోమేటిక్ 14.50. అవి ల్యాబులో వచ్చిన అంకెలు, మన కూకట్‌పల్లిలో రావు.

లెక్క కోసం ఇలా అనుకుందాం: సిటీలో సఫారీ ఆటోమేటిక్ 10, హైక్రాస్ 16. హైవేలో సఫారీ 14, హైక్రాస్ 16. పెట్రోలు లీటరు 107, డీజిల్ 96. మీ బంకు బోర్డు మీద ఉన్న ధర వేసుకుని తిరిగి కట్టుకోండి. సిటీలో కిలోమీటరుకు సఫారీకి 9.60, హైక్రాస్‌కి 6.70, అంటే 2.90 తేడా. హైవేలో సఫారీకి 6.85, హైక్రాస్‌కి 6.70. తేడా దాదాపు లేదు. హైబ్రిడ్ లాభమంతా ఆగుతూ కదిలే ట్రాఫిక్‌లోనే.

ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే ఇల్లు, అందులో 8 వేలు సిటీ అనుకోండి. హైక్రాస్ వల్ల మిగిలేది సుమారు 24 వేలు, నెలకు 2 వేలు. ఇప్పుడు మీకు నచ్చిన రెండు వేరియంట్ల మధ్య ఎక్స్-షోరూమ్ ధరలో (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) తేడా 4 లక్షలు అనుకుందాం. దాని మీద రిజిస్ట్రేషన్‌తో పాటు ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ 18 శాతం అనుకుని కలిపితే 4.72 లక్షలు. ఆ తేడాకు 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్ తీసుకుంటే నెలకు కట్టేది 9,800 దాకా. రెండు వేలు మిగిల్చుకోవడానికి తొమ్మిది వేల ఎనిమిది వందలు కట్టడం. "మైలేజీ కోసం హైబ్రిడ్" అనేవాళ్లకు ఈ లెక్క చూపించండి. ఏడాదికి 25 వేలు తిరిగి, అందులో 20 వేలు సిటీలోనే అయితే మిగిలేది 59 వేలు. అప్పుడు ఎనిమిదేళ్లలో తేడా తిరిగొస్తుంది. ఇన్నోవా పేరుకు సెకండ్ హ్యాండ్‌లో ఉన్న గిరాకీ కూడా కలిపితే ఇంకా ముందే.

కాబట్టి హైక్రాస్ కొనాలనుకుంటే మూడో వరుస కోసం, నిశ్శబ్దం కోసం కొనండి. పొదుపు కోసం కాదు.

డీజిల్ వైపు ఒక హెచ్చరిక. బీఎస్6 (ఇప్పటి కాలుష్య నిబంధనల) డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది, పొగలోని మసిని పట్టుకుంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా వేగంగా నడవాలి. రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి మెల్లగా పాకడం, తిరిగి పాకడం మాత్రమే అయితే డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ దీపం వెలుగుతుంది. వారానికోసారి ఓఆర్ఆర్ మీద అరగంట తిప్పగలిగేవాళ్లకు బాధలేదు. అది కుదరనివాళ్లు డీజిల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఢిల్లీలో డీజిల్ బండ్లకు పదేళ్ల నిబంధన ఉందని విని భయపడేవాళ్లున్నారు, తెలంగాణలో అలాంటిది లేదు.

ఆన్‌రోడ్ కాగితం చదవడం

పాత వీడియోల్లో చెప్పిన ధరలు పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. సఫారీలాంటి డీజిల్ ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం ఉండేది 40కి దిగింది. హైబ్రిడ్ల మీద 43 ఉండేది, అదీ 40 అయింది. అంటే డీజిల్ బండికి ఎక్కువ కలిసొచ్చింది. అంతకు ముందు ఈ రెండింటినీ పోల్చి "తేడా ఇంతే కదా" అన్న మాటలు ఇప్పుడు చెల్లవు.

తెలంగాణ లైఫ్ ట్యాక్స్: ఎక్స్-షోరూమ్ ధర 20 లక్షలు దాటితే శాతం పెరుగుతుంది, ఇప్పటి రేటు కొటేషన్‌లో చూసుకోండి. ఆ గీత దగ్గర ధరలో 20 వేలే తేడా ఉన్నా ట్యాక్స్‌లో అంతకు మించి పడుతుంది. సఫారీ వేరియంట్లలో 20 లక్షల గీతకు అటూ ఇటూ ఉన్నవి చూసేవాళ్లు ఇది గమనించాలి. మీ పేరు మీద ఇప్పటికే ఒక కారుంటే కొత్తదాని మీద ఇంకో 2 శాతం పడుతుంది. 25 లక్షల బండి మీద అది 50 వేలు. ఇంట్లో కారు లేని మనిషి పేరు మీద, అంటే భార్య పేరు మీదో అమ్మ పేరు మీదో తీసుకుంటే అది తప్పుతుంది. లోన్ ఎవరి పేరు మీదో కూడా అప్పుడే చూసుకోండి.

పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) తీసుకుంటారు. ఇది ఖర్చు కాదు, ఐటీ రిటర్న్‌లో చూపిస్తే మీ పన్నులో సర్దుతారు. బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ల పాన్ మీదే పడుతుందని మరచిపోకండి.

ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. వాళ్ల కొటేషన్ తీసుకుని బయట రెండు చోట్ల అడిగితే అదే కవర్ తక్కువకు దొరకొచ్చు. దొరికిందని చూపిస్తే చాలాసార్లు షోరూమ్ వాళ్లే తగ్గిస్తారు. జీరో డెప్‌తో (భాగాలు పాతబడ్డాయని క్లెయిమ్‌లో కోత పెట్టని కవర్) పాటు ఇంజన్ ప్రొటెక్ట్ తీసుకోండి. 2020 అక్టోబరు వర్షాలు చూసిన ఊరు ఇది. లింగంపల్లి అండర్‌పాస్ లాంటి చోట నీళ్లలో బండి ఆగి, మళ్లీ స్టార్ట్ చేయబోతే ఇంజన్‌లోకి నీళ్లు పోతాయి. మామూలు పాలసీలు ఆ ఇంజన్ ఖర్చు సాధారణంగా ఇవ్వవు.

"హ్యాండ్లింగ్", "ఎసెన్షియల్ కిట్", "కోటింగ్" అని రాసిన వరుసలన్నీ కొట్టేయమనండి. మ్యాట్లు బయట కొనుక్కోవచ్చు.

స్టార్లు, వేరియంట్లు

ఈ భాగం చిన్నదే. బండిని గుద్దించి భద్రత చూసే పరీక్షల్లో, అంటే గ్లోబల్ ఎన్‌క్యాప్‌లోనూ, భారత్ ఎన్‌క్యాప్‌లోనూ సఫారీకి 2023లో 5 స్టార్లు వచ్చాయి. హైక్రాస్‌కి 2025లో భారత్ ఎన్‌క్యాప్ 5 స్టార్లు వచ్చాయి. అందుచేత స్టార్లతో ఇక్కడ తేలేదేం లేదు. మీరు కొనే వేరియంట్‌లో ఎయిర్‌బ్యాగులు ఎన్ని, కర్టెన్ ఎయిర్‌బ్యాగు మూడో వరుస దాకా వస్తుందా అని అడిగి బ్రోషర్‌లో చూపించమనండి. మూడో వరుసలో బెల్టు పెట్టించే అలవాటు లేకపోతే ఎన్ని స్టార్లున్నా వెనక పిల్లలకు ఒరిగేది లేదు. తనంత తాను బ్రేకు వేసే ఏడీఏఎస్ హైవేలో పనికొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఒకటి అడ్డం వచ్చినప్పుడల్లా అది ఉలిక్కిపడుతుంది, దాని తప్పేం లేదు.

సర్వీసు సంగతి

మీ ఇంటికి దగ్గర్లోని సర్వీస్ సెంటర్‌కి శనివారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లి అరగంట నిలబడండి. లోపల ఎలా మాట్లాడుతున్నారు, బండ్లు ఎన్ని రోజులుగా దుమ్ముపట్టి ఉన్నాయి, కస్టమర్లు ఏమని గొడవ పడుతున్నారు, అన్నీ తెలుస్తాయి. నా పాత బండికి ఒకచోట స్క్రీన్ ఆగిపోయిన సమస్యకు నాలుగుసార్లు "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్" అన్నారు. ఐదోసారి ఊరికి ఆ చివరనున్న ఇంకో సెంటర్‌కి వెళ్తే ఒదులైన వైరు బిగించి పంపారు. బండి పేరు కంటే దాన్ని చూసే చెయ్యి ముఖ్యమని అప్పుడు అర్థమైంది.

మీ కాలనీలో సఫారీ, హైక్రాస్ నడిపేవాళ్లను లిఫ్టులో పట్టుకుని రెండే ప్రశ్నలు వేయండి. ఏడాదిలో షెడ్యూల్ లేకుండా ఎన్నిసార్లు సర్వీస్‌కి తీసుకెళ్లారు? ఇప్పుడైతే మళ్లీ ఇదే కొంటారా? రెండోదానికి జవాబు చెప్పేముందు వాళ్లు ఎంతసేపు ఆగారో గమనించండి. హైబ్రిడ్ బ్యాటరీ గురించి భయముంటే, దానికి టయోటా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. ఏది ముందైతే అది.

తేల్చుకోవడం

ఇప్పుడు కాగితం మీది గీతలు లెక్కపెట్టండి. మూడో వరుసలో నెలకు రెండుసార్లయినా పెద్దవాళ్లు కూర్చుంటారా, మీ తిరుగుడంతా సిటీ ట్రాఫిక్‌లోనా, స్లాటు పొడవుగా ఉండి సన్నగా ఉందా? హైక్రాస్ తీసుకోండి, ఆ అదనపు లక్షలు మోకాళ్లకు కట్టిన డబ్బు అనుకోండి. వెనక పిల్లలే కూర్చుంటారా, నెలనెలా ఊరికి హైవే మీద వెళ్లొస్తారా, గతుకుల రోడ్డు ఎక్కువా, చేతిలో డబ్బు మిగలాలా? సఫారీ, అదీ ఆటోమేటిక్.

ఇంట్లో ఓటింగ్ పెడితే మూడో వరుసలో కూర్చునేవాళ్లకు రెండు ఓట్లు ఇవ్వండి. మా ఇంట్లో అలాగే చేశాం. మా నాన్నగారు మాత్రం మూడోసారి కూడా స్టీరింగ్ పట్టుకుని "ఇదే బాగుంది" అన్నారు. ఆయనకు లైసెన్సు గడువు తీరి నాలుగేళ్లయింది.

రిజిస్ట్రేషన్ కాకముందు

ఆషాఢంలో బండి ఇంటికి తెచ్చుకోవడం మనవాళ్లు ఇష్టపడరు, షోరూమ్‌లకు అది బేరం తగ్గే నెల. ధర అప్పుడు మాట్లాడి రాయించుకుని, డెలివరీ శ్రావణంలో పెట్టుకోవడం పాత ఉపాయం, ఇప్పటికీ పనిచేస్తోంది. దసరా ముందు రోజుల్లో మాత్రం బేరమాడే చోటు ఉండదు.

బండి యార్డుకు రాగానే, రిజిస్ట్రేషన్ నంబరు పడకముందే, పగటి వెలుగులో వెళ్లి చూడండి. రిజిస్ట్రేషన్ అయ్యాక అది మీ పేరు మీది బండి, వద్దనడం కష్టం. ఛాసిస్ నంబరు, తయారీ నెల కాగితాలతో సరిచూడండి. ఓడోమీటరు చూడండి. నాలుగు తలుపుల రబ్బర్లు తీసి లోపల మట్టి మరకలున్నాయా చూడండి, వర్షాల తర్వాత వచ్చిన స్టాక్ అయితే మరీనూ. ఐదు టైర్ల తయారీ వారం ఒకటే దరిదాపులో ఉండాలి. జాకీ, స్టెప్నీ, రెండో తాళం చేతికి తీసుకోండి. ఏసీ వేసి మూడో వరుసలో కూర్చుని గాలి తగులుతోందో లేదో చూడండి, అక్కడి బెల్టులన్నీ లాగి బిగించి చూడండి, సీటు మడిచి మళ్లీ తెరవండి. ఏదైనా తేడా ఉంటే అక్కడే రాయించి సంతకం పెట్టించుకోండి. తాడ్‌బండ్ హనుమాన్ గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేది ఇవన్నీ అయ్యాకే.